మోకాళ్ల మందు

మొయినాబాద్ దాటి చిల్కూరు దారి పట్టాక ఎడమచేతి వైపు ఫామ్‌హౌస్‌ల వరుస మొదలవుతుంది. ఒక్కో గేటూ కోటగుమ్మమంత ఉంటుంది కానీ లోపల శని, ఆదివారాలు తప్ప మనుషులు కనిపించరు. మిగతా రోజుల్లో ఆ కోటలను ఏలేది కాపలావాళ్లే. అలాంటి ఒక కోటకు గిద్యోను రాజు. మామిడిచెట్లకు నీళ్లు పెడతాడు, ఈతకొలనులో రాలిన ఆకులు ఏరతాడు, కుక్కలకు అన్నం పెడతాడు, సారు కారు హారన్ వినిపించగానే రాజ్యం వదిలేసి గేటు దగ్గరికి పరుగెత్తుతాడు.

చుట్టుపక్కల అందరూ ఆయన్ని "మానిన గిద్యోను" అంటారు. ఏం మానాడని ఎవరూ అడగరు. మా వైపు మగవాడు మానడానికి ఉన్నది ఒక్కటే. అంతకు ముందు ఆయన "తాగుబోతు గిద్యోను". కల్లు, గుడుంబా, వైన్‌షాపు సరుకు అనే తేడా చూపించకుండా అన్నిటినీ సమానంగా ఆదరించాడు. జీతం అందిన రోజు ఇంటి దారి మరిచిపోయేవాడు. ఒక వానాకాలం చేవెళ్లలో సువార్త సభలు జరిగితే భార్య ధనమ్మ ఆయన్ని రెక్క పట్టుకుని షేర్ ఆటో ఎక్కించి తీసుకుపోయింది. అక్కడ ప్రసంగం తగిలిందో, పక్కన కూర్చున్న ధనమ్మ ఏడుపు తగిలిందో కానీ, మర్నాటి నుంచి చుక్క ముట్టలేదు.

అప్పటి నుంచి ఏటా గుడిలో, అంటే చర్చిలో, దేవుడు తనను ఎలా మార్చాడో సాక్ష్యం చెబుతాడు. నిజానికి ఆయన తాగి పడ్డది మొయినాబాద్ బస్టాండు పక్క మురికికాలువలో. సాక్ష్యంలో అది మొదట వాగయింది, తర్వాత పొంగే వాగయింది, మొన్నమొన్న మెట్లు లేని బావి అయింది. ఆయన బావిలోంచి దేవుణ్ని పిలుస్తుంటే ముందు వరుసలో ధనమ్మ "కాలువ" అని మెల్లగా సరిదిద్దుతుంది. వినేవాళ్లకు మాత్రం బావే బాగుంటుంది. అయినా ఆ మనిషిని తప్పు పట్టడానికి లేదు. పొలం లేదు, ప్లాటు లేదు, ఆయనకున్న ఆస్తంతా "మానిన" అనే ఆ ఒక్క మాటే. దాన్ని కాస్త పెంచుకుంటే ఎవరికి నష్టం?

ధనమ్మ సంగతి వేరు. ఉన్నది ఉన్నట్టే చెబుతుంది, ఉన్నది ఉన్నట్టే వినాలంటుంది. పూలతోటల్లో వంగి వంగి పనిచేసి మోకాళ్లు పాడు చేసుకుంది. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. దవాఖాన గోళీలు మింగింది, ఆకులు కట్టుకుంది, టీవీలో చూపించిన నూనెలన్నీ రాసుకుంది. నొప్పి కంటే ఆమెకు పెద్ద బాధ ఇంకొకటుంది. వాళ్ల గుడిలో ప్రార్థనప్పుడు అందరూ మోకరిస్తారు. అంతమందీ కిందికి వంగినప్పుడు ధనమ్మ ఒక్కతే ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా మిగిలిపోతుంది. "మోకాలూనని ప్రార్థన పైకి పోతదో, పైకప్పు కాడ్నే ఆగుతదో" అని ఇంటికొచ్చి బెంగ పడేది. ఆ మోకాళ్లు అలా కావడంలో తన తాగుడు పాలెంతో గిద్యోనుకు బాగా తెలుసు.

ఇలా ఉండగా ఒక ఆదివారం ఫామ్‌హౌస్‌లో తుఫాను లేచింది. యజమాని శ్రవణ్ సారుకు డాక్టరు కాలేయం బాగాలేదన్నాడు, తాగడం బంద్ అన్నాడు. డాక్టరు మెల్లగానే అన్నాడు కానీ మమత మేడం దాన్ని హైకోర్టు తీర్పులా అమలు చేయడానికి నడుం కట్టింది. అల్మారాలు తెరిచి సీసాలన్నీ వంటింటి సింకులో ఒంపుతూ ఒక్కో గదీ దాటుకుంటూ వస్తోంది. సారు వెనక తలుపు గుండా తోటలోకి దూకినంత పని చేశాడు. చంకలో ఒక సీసా ఉంది.

"గిద్యోనూ, ఇది నీ దగ్గర ఉంచుకో. నువ్వైతే తాగవు," అన్నాడు రొప్పుతూ. "ఇది మామూలు సరుకు కాదు. షెర్రీ కాస్క్. ఎండ తగలనివ్వకు. మేడం కంట పడనివ్వకు."

ఆయన చెప్పిన మాటల్లో గిద్యోనుకు అర్థం కానివి రెండు. ఒకటి షెర్రీ కాస్క్. రెండోది "ఉంచుకో". ఉంచుకో అంటే ఇచ్చినట్టా, దాచిపెట్టమన్నట్టా? అడుగుదామనుకున్నాడు. ఇచ్చినదాన్ని అలా అడిగితే లేకిగా ఉంటుంది, దాచమన్నదాన్ని అడిగితే ఆశపడ్డట్టు ఉంటుంది. ఈలోగా మేడం చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చింది. గిద్యోను సీసాను గడ్డి సంచిలో దూర్చి సైకిలెక్కాడు.

దారంతా ఆయన కళ్లు సంచి మీదే ఉన్నాయి. మానిన గిద్యోను సంచిలో సీసా! గుంతలో సైకిలు ఎగిరినప్పుడల్లా లోపలి నుంచి గుడుక్ గుడుక్ మని చప్పుడు. ఎదురొచ్చిన ప్రతివాడూ ఆ చప్పుడు వింటున్నాడనే అనిపించింది. ఇల్లు చేరి, సంచి కట్టెల కొట్టంలో పెడదామని అటు తిరిగాడో లేదో, ధనమ్మ గడపలోనే కూర్చుని ఉంది.

"ఏందది సంచిల?"

భయపడ్డవాడికి అబద్ధం తట్టదు. "మందు," అనేశాడు.

ధనమ్మ మొహంలో రంగు మారింది. చేవెళ్ల సభల కంటే ముందటి సాయంత్రాలన్నీ ఆ కళ్లలోకి ఒక్కసారిగా వచ్చి కూర్చున్నాయి. "ఏం మందు?" అంది.

మన భాషలో ఈ ఒక్క మాట ఎంత ఉపకారమో ఆ క్షణం గిద్యోనుకు తెలిసింది. పత్తికి కొట్టేదీ మందే, జ్వరానికి మింగేదీ మందే, గొంతులో పోసుకునేదీ మందే. "నీ మోకాళ్ల మందు," అన్నాడు. "సారు ఫారిన్ నుంచి తెప్పిచ్చిండు. నీ నొప్పుల సంగతి చెప్తే ఇచ్చిండు."

"సారు ఇచ్చిండా? నా కోసం?" ధనమ్మ కళ్లు తడయ్యాయి. "దేవుడు సల్లగ సూడాలె. అయితే రాయి మరి."

ఇది గిద్యోను ఊహించలేదు. సీసా చూడగానే పట్టేస్తుందనుకున్నాడు. ధనమ్మ ముక్కు సామాన్యమైంది కాదు. ఒకప్పుడు ఆయన సందు మలుపులో ఉండగానే తాగింది కల్లో గుడుంబానో, కల్లైతే ఈతదో తాటిదో చెప్పేసేది. ఇప్పుడు మూత తీస్తే అయిపోయిందే బతుకు! తలుపు వేసి, సీల్ తెంపి, కళ్లు మూసుకుని బిరడా లాగాడు.

గది నిండా ఎండుద్రాక్ష, ఖర్జూరం, లవంగాలు, దాల్చినచెక్క కలిసిన తియ్యటి వాసన పరుచుకుంది. ధనమ్మ ముక్కు ఎగబీల్చింది. మళ్లీ ఎగబీల్చింది.

"అయ్యో, ఇది క్రిస్మస్ కేకు వాసనస్తున్నది గద!"

గిద్యోనుకే దిమ్మ తిరిగింది. ఎన్నో రకాల వాసనలు చూసిన మనిషి, ఈ వాసన వచ్చే మందు ఉంటుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. ధనమ్మ ముక్కుకు తెలిసిందంతా మొయినాబాద్, చేవెళ్ల మధ్య దొరికే సరుకే. ఇది వాటి చుట్టం కాదు, ఆ వంశమే కాదు. "కిస్మిస్ నూనె," అన్నాడు ధైర్యం తెచ్చుకుని. "మొగోళ్ల చేతితోనే రాయాలెనట. డాక్టరు చెప్పిండట."

చివరి మాట ఎందుకన్నాడంటే, సీసా ఆమె చేతికి పోకూడదు. బొమ్మ చూసి ఎవరికైనా చూపిస్తే కొంప మునుగుతుంది. అందుకని చర్చి క్యాలెండరు కాగితం ఒకటి చించి సీసాకు చుట్టేశాడు. ఆ సాయంత్రం నుంచి గిద్యోను దీపం పెట్టే వేళకు ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, తలుపేసి, అరచేతిలో కాస్త వంపుకుని భార్య మోకాళ్లకు రాయడం మొదలుపెట్టాడు.

పెళ్లయి ముప్పై ఏళ్లు దాటింది. భార్య కాలు పట్టుకున్న మగవాడు మా వైపు ఎవడైనా ఉంటే, తలుపు సందులోంచి చూసిన పక్కింటివాడు మూడు ఊళ్లకు చాటేస్తాడు. అందుకే మొదట గిద్యోను చేతులు దొంగతనానికి వచ్చినట్టు భయంభయంగా కదిలేవి. ధనమ్మ కూడా సిగ్గుతో గోడ వైపు మొహం పెట్టేది. కొన్నాళ్లకు చేతులకు పని తెలిసింది. మోకాలి చిప్ప కింద ఎక్కడ పట్టేసిందో, ఎక్కడ నొక్కితే ఆమె "ఆ... గాడ్నే" అంటుందో వేళ్లకు అలవాటయింది. రాస్తున్నంతసేపూ ఏవో మాటలు. ఈతకొలనులో పడ్డ ఉడుత సంగతి, పాలవాడి నీళ్ల సంగతి, ఎప్పుడో పోయిన ధనమ్మ తల్లి సంగతి. తాగిన రోజుల్లో ఆయన మాట్లాడేవాడు, ఆమె వినేది కాదు. మానిన తర్వాత గుడిలో మాట్లాడాడు, ఇంట్లో మాట్లాడలేదు. ఇప్పుడు ఇద్దరికీ ఆ వేళ కోసం ఎదురుచూపు మొదలయింది. గిద్యోనైతే తాను అబద్ధం మీద కూర్చున్నానన్న సంగతే మరిచిపోయాడు.

మోకాళ్లు వదులయ్యాయి. నమ్మినా నమ్మకపోయినా జరిగింది ఇదే. ధనమ్మ ముందు గోడ పట్టుకోవడం మానేసింది, తర్వాత మెట్లు ఎక్కింది, తర్వాత ఒక ఆదివారం ప్రార్థన వేళ కుర్చీ పక్కకు జరిపి, అందరూ చూస్తుండగా మెల్లగా కిందికి వంగి మోకరించింది. గుడి మొత్తం "స్తోత్రం" అంది. ధనమ్మ ఏడ్చింది. గిద్యోను మగవాళ్ల వైపు నుంచి చూసి, తుండుగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని తానూ ఏడ్చాడు. బావి సాక్ష్యం చెప్పిన ఏ ఏడూ ఆయనకు నిజంగా ఏడుపు రాలేదు.

అయితే ధనమ్మ వంగినప్పుడు ఆమెతో పాటు ఆ కేకు వాసన కూడా గుడిలో వంగి లేచింది. దాన్ని పసిగట్టినవాడు వరప్రసాద్. ఆయన గుడికి కోశాధికారి, మిలిటరీలో ఆఫీసర్ల మెస్సు చూసుకుని రిటైరైనవాడు. ఆ ముక్కు దేశం తిరిగిన ముక్కు. మర్నాడు ధనమ్మ స్త్రీల కూడికకు వెళ్లిన సమయం చూసి ఇంటికొచ్చాడు. వచ్చీ రాగానే గిద్యోను గడ్డం పట్టుకుని నోటి వాసన చూశాడు.

"నోట్ల లేదు," అన్నాడు ఆశ్చర్యపోతూ. "చేతులకు ఉన్నది. ఏంది గిద్యోను ఇది?"

దాచడం చేతకాక గిద్యోను సీసా తెచ్చి ముందు పెట్టాడు. వరప్రసాద్ క్యాలెండరు కాగితం విప్పి, కళ్లద్దాలు తుడుచుకుని, పై నుంచి కిందికి చదివి, కింద నుంచి పైకి చదివి, దగ్గర్లో ఉన్న బియ్యం డబ్బా మీద కూలబడ్డాడు.

"స్కాట్లాండ్ సింగిల్ మాల్ట్ విస్కీ. బార్లీ గింజలతోని చేస్తరు. స్పెయిన్ దేశంల షెర్రీ అని ద్రాక్షసారా ఉంటది. ఆ షెర్రీ ఊరిన కర్రపీపాల దీన్ని పోసి ఇరవై అయిదేండ్లు పండబెట్టిన్రు. కర్ర తాగిన ద్రాక్షంత మల్ల దీంట్లకొచ్చింది. గందుకే గీ ఎర్ర రంగు, గీ వాసన." చేతిలోని ఫోను తిప్పి తిప్పి చూసి చెమట తుడుచుకున్నాడు. "దీని ధరకు రెండు ముర్రా బర్రెలొస్తయ్. దూడలతోని."

గిద్యోను సీసా వైపు చూశాడు. అప్పటికే సీసాలో సగం పైన ఖాళీ. ఒక బర్రె, దాని దూడా పూర్తిగా ధనమ్మ మోకాళ్లలోకి వెళ్లిపోయాయి.

"పోనీ, ఉంచితే ఇంక పాతదైతది కదన్న? ధర పెరుగుతది కద?"

"సీసాలకొచ్చినంక దీనికి వయసు పెరగది. ధర పెరుగుతది. అది గూడ మూత తియ్యకుంటెనే."

"మూత తీస్తే?"

"తీస్తే తాగుడే." వరప్రసాద్ సీసాను వెలుతురుకెత్తి విషాదంగా చూశాడు. "ఇంత సరుకు మోకాళ్లకు రాసినోడు స్కాట్లాండ్ చరిత్రల లేడు గిద్యోను. నువ్వే ఫస్టు." లేచి గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి గొంతు తగ్గించాడు. "నాకు గూడ ఎడమ మోకాలు జర పట్టేస్తున్నది."

ఆయన మోకాలికీ కాస్త రాసి, నోరు విప్పనని మాట తీసుకుని పంపించాడు గిద్యోను. ఆ సాయంత్రం నుంచి ఆయన చేతికి పిసినారితనం పట్టుకుంది. నువ్వులనూనె ఎక్కువ, మందు తక్కువ కలిపి రాశాడు. ధనమ్మ ఒకటికి రెండుసార్లు వాసన చూసింది. "కేకుల కిస్మిస్‌లు తగ్గినయేంది?" అంది. అని ఊరుకుందా? "అవునుగాని, మన గుడి పాస్టరు అయ్యగారి తల్లి ఎస్తేరమ్మకు ఒక చిన్న గ్లాసెడు ఇచ్చిన. నువ్వు పనికి పోయినప్పుడు సీసా తీసిన, ఏమనుకోకు. పాపం ముసలామె మోకాళ్లు గూడ గట్లనే ఉన్నయ్."

గిద్యోను నూనెగిన్నె కింద పెట్టాడు. "రాసుకున్నదా?"

"రాసుకుందామనే అనుకున్నదట. వాసన బాగున్నదని వేడినీళ్లల్ల కలుపుకొని తాగిందట. దగ్గు చేత్తో తీసేసినట్టు పోయిందట! పొద్దుపోయేదాక కీర్తనలు పాడుతనే ఉన్నదట. అమ్మకు ఆత్మ బలం వచ్చిందని అయ్యగారు ఒక్కటే సంబరం. ఇంక జర ఉంటే ఇయ్యమన్నది."

మోకాలి మీద పెట్టిన గిద్యోను చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు నిజం చెబితే తనొక్కడి పేరే కాదు, అయ్యగారి తల్లి పేరూ పోతుంది.

ఆ వారంలోనే, మేడం ఫామ్‌హౌస్‌లో ఉందని, శ్రవణ్ సారు తిన్నగా గిద్యోను ఇంటికే వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. గండిపేటలో ఆయన స్నేహితుడొకడు చాలాకాలంగా ఆ సీసా మీద కన్నేశాడు. దానికి బదులుగా తన పాత జీపు ఇచ్చేస్తానన్నాడట. అదీ అలాంటిలాంటి జీపు కాదు, ఎప్పుడో మిలిటరీ వాడి వదిలేస్తే కొని, బాగుచేయించి, ఆకుపచ్చ రంగు వేయించిన జీపు. "ఎలాగూ నేను తాగకూడదు. జీపైతే తోలుకోవచ్చు కదా. తియ్యి, గిద్యోనూ, తొందరగా తియ్యి," అన్నాడు మంచం మీద కూర్చుంటూ.

అంటే ఉంచుకో అన్నది దాచమనే. గిద్యోను లోపలికి వెళ్లి, వంటింట్లో టీ పెడుతున్న ధనమ్మ వైపు చూడకుండా సీసా తెచ్చాడు. సారు ఆత్రంగా క్యాలెండరు కాగితం విప్పాడు. అడుగున రెండు వేళ్ల మందం మిగిలింది.

"తాగేశావా?" సారు సీసాను ఊపి చూశాడు. "నువ్వు తాగవనే కదయ్యా నీకిచ్చాను!"

గిద్యోను అన్నీ ఊహించుకున్నాడు కానీ ఈ మాట ఊహించుకోలేదు. ఉద్యోగం పోతుందనుకున్నాడు, తిడతాడనుకున్నాడు. తాగాడంటాడని తట్టనే లేదు. ఇంకెవరైనా ఏమంటారు? తాగి కాలువలో పడ్డవాడి ఇంట్లో సీసా, ఆ సీసా ఖాళీ. రేపు మొయినాబాద్ బస్టాండు నుంచి చేవెళ్ల దాకా పాత పేరు మళ్లీ మోగుతుంది. తాగలేదని సారుకు నిజం చెప్పాలంటే, వంటింట్లో ఉన్న మనిషికి అది సారా అని తెలియాలి. సారు దగ్గర పేరు నిలబెట్టుకుంటే ధనమ్మ దగ్గర పోతుంది. బావులు, వాగులు కట్టగలిగిన నాలుకకు ఆ క్షణాన ఒక్క కథ కూడా అందలేదు.

"తాగలే సారు. మా ధనమ్మ మోకాళ్లకు రాసిన."

"మోకాళ్లకా? విస్కీ మోకాళ్లకు రాశావా? నా చెవిలో పువ్వేమైనా కనిపిస్తోందా నీకు?"

వంటింట్లోంచి టీ కప్పులతో ధనమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. అంతా విన్నదని మొహమే చెబుతోంది. కప్పులు కింద పెట్టి, సీసా అందుకుని, బిరడా తీసి నిదానంగా వాసన చూసింది. ఆ తర్వాత మొగుడి వైపు చూసింది. చేవెళ్ల సభల్లో ఎంత పెద్ద ప్రసంగీకుడూ గిద్యోనును అలా వణికించలేదు.

"ఇది సారానా?" అంది.

"మందే..." అన్నాడు గిద్యోను నేల చూపులు చూస్తూ.

"ఏం మందో ఆ దినం నేను అడిగిన." అంది ధనమ్మ. ఆ తర్వాత సారు వైపు తిరిగింది. "సారు, ఈయన తాగలే. తాగితే నాకు తెలుస్తది. ఎన్నేండ్లు ఈ మనిషి నోరు వాసన చూసుకుంట బతికిననో ఆ దేవునికెరుక. అబద్ధమాడిండు. అది నా లెక్క, నేను చూసుకుంట. తాగిండని మాత్రం అనకున్రి. ఆ మాట మీరన్నా వద్దు, ఎవ్వరన్నా వద్దు."

"కానీ ధనమ్మా, జీపు..." సారు దాదాపు ఏడుపు మొహం పెట్టాడు.

"ఆ జీపు నడుస్తదా సారు?"

"బ్రహ్మాండంగా నడుస్తుంది."

"నా మోకాళ్లు గూడ నడుస్తున్నయ్," అంది ధనమ్మ. అని అక్కడే, సారు ముందర, గుమ్మం నుంచి పొయ్యి దాకా నడిచి చూపించింది. ఆమె ఎగతాళి చేయలేదు. పోయినదానికి బదులు ఏం వచ్చిందో యజమానికి చూపించాలి కదా అని చూపించింది, అంతే. "మొన్న మేడం గూడ గేటు కాడ అడిగింది, ఏం మందు రాస్తున్నవ్ ధనమ్మ, మా అమ్మకు గూడ చెప్తా అని. సారు ఇచ్చిన ఫారిన్ మందని చెప్పిన. సీసా చూపియ్యమన్నది. ఏమని చూపియ్యాలె సారు?"

ఇందులో కూడా ధనమ్మకు ఏ కపటమూ లేదు. కానీ శ్రవణ్ సారు మొహం మీద నుంచి జీపు ఆకుపచ్చ రంగంతా దిగిపోయింది. "మేడంకా? వద్దు వద్దు. అయిపోయిందని చెప్పు. కంపెనీ మూసేశారని చెప్పు," అని లేచి నిలబడ్డాడు. పోయే ముందు బిరడా దగ్గర ముక్కు పెట్టి చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. తాగకూడని మనిషికి అంతకంటే ఏం దక్కుతుంది? మిగిలిన రెండు వేళ్ల మందాన్ని చొక్కా లోపల దాచుకుని, "రేపు మామిడిచెట్లకు మందు కొట్టాలి, తొందరగా రా," అని గిద్యోనుతో అనేసి, మందు అన్న మాటకు తానే ఉలిక్కిపడి కారెక్కాడు.

ఉద్యోగం నిలబడింది. గిద్యోనుకు సంతోషం మాత్రం కలగలేదు. వాకిట్లో బండ మీద కూర్చున్నాడు. లోపల గిన్నెల చప్పుడు వినిపిస్తోంది, మనిషి మాట వినిపించడం లేదు. ఆ చప్పుడును బట్టి ఎంత కోపమో అంచనా వేద్దామని ప్రయత్నించాడు. అందలేదు. ధనమ్మ గుడిలో లేచి, తన మోకాళ్లు సారాతో బాగయ్యాయని ఉన్నది ఉన్నట్టు చెప్పేసే మనిషి. చెప్పనివ్వు, చెప్పినా ఫర్వాలేదనిపించింది. ఊరంతా తాగుబోతన్నా తట్టుకుంటాడు. ఈ తలుపు లోపల మళ్లీ ఆ పాత మనిషైపోతే మాత్రం తట్టుకోలేడు. చీకటి పడింది. దీపం పెట్టే వేళ దాటిపోయింది. మామూలుగా ఆ వేళకు ఆయన చేతులకు పని ఉండేది.

"ఏంది ఆడ్నే కూసున్నవ్?" లోపలి నుంచి ధనమ్మ గొంతు. "లోపలికి రా."

వెళ్లాడు. ధనమ్మ చాప మీద గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. పక్కన చిన్న గిన్నెలో వేడి చేసిన నువ్వులనూనె. గిద్యోను నిలబడ్డచోటనే నిలబడిపోయాడు.

"మందు లేదు కద ధనమ్మ," అన్నాడు.

"మందు ఎవనిక్కావాలె?" అంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చిందని తెలుస్తూనే ఉంది. "కూసో. తలుపెయ్యి. ఆ సంచిల సీసా పెట్టుకున్న కాడికెల్లి ఒక్క ముక్క ఇడువకుంట చెప్పు. బావులు గీవులు కలిపినవో, మంచిగుండది."

గిద్యోను కూర్చున్నాడు. నూనె చేతికి రాసుకుని, మోకాలి మీద చెయ్యి వేసి, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. మేడం సింకులో సీసాలు ఒంపింది చెప్పాడు, సారు ఉంచుకో అన్నది చెప్పాడు, గడప మీద ఆమెను చూసి ఎంత భయపడ్డాడో చెప్పాడు. ఆ భయం చెబుతుండగా మాట ఆగింది, మాటతో పాటు చెయ్యీ ఆగింది.

ధనమ్మ ఆ చెయ్యి పట్టుకుని మళ్లీ మోకాలి మీద పెట్టుకుంది.

"నోరు ఆగితే ఆగనియ్యి," అంది. "చెయ్యి ఆపకు."